నల్లసిరా కింద లేని మాట

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "అమ్మా, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. చేతిలో నోటుపుస్తకం, పెన్సిలు. నేనేదో గొప్ప సంగతి చెబుతానని వాళ్ళ ఆశ. నాలుగు మంచిమాటలు చెప్పి పంపిస్తాను. వాళ్ళు వెళ్ళాక నాకే సిగ్గేస్తుంది. ఎందుకంటే నాకు పని నేర్పింది గొప్ప సంగతి కాదు, నేను చేసిన ఒక తప్పు. దాన్ని ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, చూపు తగ్గుతోంది. ఇప్పుడన్నా రాయకపోతే అది నాతోనే పోతుంది.

కాళ్ళ పని

బైబిలు స్త్రీ అంటే బోధించే మనిషి అనుకుంటారు. కాదు, నడిచే మనిషి. తెల్లచీర, గొడుగు, భుజాన సంచి, సంచిలో వేదగ్రంథం, అక్షరాల పలక. పొద్దున్నే మేడ్చల్ మిషన్ బంగళా నుంచి బయలుదేరి రైలు పట్టాల వెంట గౌడవెల్లి. గురువారాలు షామీర్‌పేట. ఎడ్లబండి దొరికితే అదృష్టం, దొరక్కపోతే చెరువుకట్ట దాకా కాళ్ళే. నేను చేరింది యుద్ధం రోజుల్లో. నాకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళయిన మూడో ఏడే భర్త పోయాడు. పిల్లలు లేరు. చదువొచ్చిన వితంతువు కాబట్టి ఈ పనికి పనికొస్తానని అనుకున్నారు.

ఒక్క సలహా ముందే ఇస్తాను. ఎవరింటికి పోయినా కుర్చీ కోసం చూడకండి. గడప దగ్గర కూర్చోండి. వాళ్ళు మిరపకాయలు దంచుతుంటే మీరూ రెండు దంచండి. తుమ్ములొస్తాయి, రానివ్వండి.

మిస్సమ్మ ప్రశ్న

నా పై అధికారి ఒక తెల్లావిడ. అందరం మిస్సమ్మ అనేవాళ్ళం. ఆవిడ తెలుగు పుస్తకాల్లో నేర్చిన తెలుగు. కోపం వచ్చినా అందులోనే వచ్చేది. సాయంత్రం బంగళాకు చేరగానే వరండాలో నిలబెట్టి ఒకే ప్రశ్న అడిగేది: "రూతమ్మా, ఈ దినమున నీవేమి వింటివి?"

నేను ఏమి చెప్పానో అడగదేమిటని మొదట్లో మండిపోయేది. షామీర్‌పేటలో ఒక ముసలమ్మ ఉండేది. మూడు నెలలు ప్రతి గురువారం ఆమెకు గంటసేపు బోధించాను. ప్రతి మాటకూ తల ఊపేది. మంచి ఆత్మ దొరికిందని మిస్సమ్మకు గర్వంగా చెప్పాను. ఆవిడ అడిగింది, ఆమె పేరేమిటని. తెలియదు. పిల్లలున్నారా? తెలియదు. మళ్ళీ గురువారం పోయి కనుక్కుంటే ఆ ముసలమ్మకు పదేళ్ళుగా రెండు చెవులూ వినపడవట. మిస్సమ్మ నవ్వలేదు. నేను మాత్రం వారం రోజులు ఆవిడకు కనపడకుండా తిరిగాను.

అంత జరిగినా నాకు బుద్ధి రాలేదని మీరు ఇప్పుడు చూస్తారు.

గౌడవెల్లి ఉత్తరాలు

గౌడవెల్లిలో మార్త అని ఒకామె ఉండేది. నాకంటే రెండేళ్ళు చిన్న, నన్ను అక్కా అనేది. భర్త యాకోబు రైలు గ్యాంగులో పనివాడు. యుద్ధం కోసం పట్టాలు వేసే సిపాయిల పల్టన్‌లో చేరి తూర్పున ఏదో అడవి దేశానికి పోయాడు. ఇంట్లో మార్త, ఆమె అత్త. అత్తను వాడలో అందరూ అవ్వ అనేవారు. ఇద్దరికీ చదువు రాదు. కాబట్టి యాకోబు ఉత్తరం రాగానే మేడ్చల్‌లో టపా మనిషి దాన్ని నా చేతికే ఇచ్చేవాడు. నేను దారిలోనే ఒకసారి చదువుకుని, వాళ్ళ గడపలో కూర్చుని పైకి చదివేదాన్ని. జవాబు కూడా నేనే రాసేదాన్ని. ఇది ఎవరూ అప్పగించిన పని కాదు, కానీ బైబిలు స్త్రీలందరమూ చేసేవాళ్ళం.

యాకోబు ఉత్తరం ఎట్లా ఉండేదో మచ్చుకు చెబుతాను. "మేము క్షేమము. మీ క్షేమము తెలియజేయవలెను. అమ్మ దగ్గు ఎట్లున్నది. మేక ఈనినదా. ఇట్లు యాకోబు." అంతే. పల్టన్‌లో చదువొచ్చిన ఎవరో రాసిపెట్టేవారు.

మొదటిసారి చదివినప్పుడు మార్త నా ముఖం చూసి అడిగింది.

"గింతేనా అక్కా?"

గింతే అనాలి. అనలేదు. కాగితం మీదికి వంగి, "ఇంకా ఉందే. నువ్వు మస్తు యాదికొస్తున్నవని రాసిండు" అన్నాను. మార్త చటుక్కున పైట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆ సంతోషం చూస్తే నాకు ఏదో పుణ్యం చేసినట్టనిపించింది. ఇక ప్రతి ఉత్తరంలో ఒకటో రెండో మాటలు కలిపేదాన్ని. జవాబుల్లోనూ అంతే. మార్త చెప్పేది, "మేక ఈనింది, రెండు పిల్లలు. అత్తమ్మకు దగ్గు తక్కువైంది" అని. దాని కింద నేను, "మీ రాకకై కండ్లలో వత్తులు వేసుకుని చూస్తున్నాను" అని రాసేదాన్ని. నా భర్తకు నాకు ఉత్తరం రాసే అవసరం ఎన్నడూ రాలేదు. ఆ తీపి మాటలు మార్త కోసం కలిపానో నా కోసం కలిపానో నేటికీ గట్టిగా చెప్పలేను.

ఆ ఏడు దసరా దాటాక ఒక ఉత్తరం వచ్చింది. పల్టన్ ఎక్కడుందో శత్రువుకు తెలియకూడదని, పైవాళ్ళు ప్రతి ఉత్తరమూ చదివి, కూడని మాటల మీద నల్లసిరా పూసి పంపేవారు. ఈసారి నిండుగా రెండు వరుసలు నల్లగా ఉన్నాయి. అది చూసి అవ్వ గుండెలు బాదుకుంది.

"నా కొడుక్కేమో అయింది. అందుకే మూసిపెట్టిండ్రు. నాకు తెల్వనిస్తలేరు!"

ఎంత చెప్పినా వినదు. అన్నం ముట్టలేదు. మార్త ముఖం పాలిపోయింది. నాకేం చేయాలో తోచలేదు. కాగితాన్ని వాకిట్లో ఎండకు ఎత్తిపట్టి, కళ్ళు చిట్లించి చూశాను. నలుపు తప్ప ఏమీ కనపడలేదు.

"ఆగు అవ్వా, కనవడుతాంది," అన్నాను. "క్రిస్మస్ పండుగకు ఛుట్టీ అడిగిన, దొరికేటట్టే ఉంది అని రాసిండు."

సెలవు మాట వినగానే అవ్వ ఏడుపు ఆపేసింది. ఆ పూట కడుపునిండా తిన్నది. నేను మేడ్చల్ దాకా పట్టాల వెంట పాట పాడుకుంటూ వచ్చాను. ఆ పాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మొదటి దీపం

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు మాకు ఆగమన కాలం. గౌడవెల్లి ప్రార్థన గదికి మట్టిగోడలు, ఒకే కిటికీ. ఆ కిటికీలో నాలుగు మట్టి ప్రమిదలు పెట్టేవాళ్ళం. వారానికొకటి వెలిగించాలి, ఒక్కోదానికి ఒక్కో మాట: నిరీక్షణ అంటే ఆశ, సమాధానం అంటే శాంతి, ఆపైన సంతోషం, ప్రేమ. కిరసనాయిలు కరువు కాబట్టి ఇంటికొక చెంచా ఆముదం తెచ్చేవారు. ఒక్కో వారం ఒక్కో ఇంటివాళ్ళ వంతు. ఆ వారమంతా నేను ఆ మాట పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి.

మొదటి వంతు తనకు కావాలని మార్త అడిగి తీసుకుంది. దీపం వెలిగించి, అందరి వైపు తిరిగి, "మా ఆయన పండుగకొస్తున్నడు. ప్రార్థన జేయుండ్రి" అంది. ఆడవాళ్ళంతా సంబరపడ్డారు. ఆ క్షణం దాకా అది నేను చెప్పిన ఒక చిన్నమాట. ఇప్పుడు సంఘమంతా దానికి ఆమెన్ చెప్పింది.

మర్నాటి నుంచి మార్త గోడలకు ఎర్రమట్టి పూసింది. రోజూ సాయంత్రం ప్యాసింజరు వేళకు స్టేషన్‌కు పోయి బల్ల మీద కూర్చునేది. బండి వచ్చి పోయేదాకా చూసి ఇంటికి వచ్చేది. ఆ నల్లసిరా ఉత్తరం తర్వాత మళ్ళీ ఉత్తరం లేదు. అంతకుముందు నెలకొకటి తప్పకుండా వచ్చేది. ప్రతి ఉదయం టపా మనిషి కోసం నేను బంగళా గేటు దగ్గర నిలబడేదాన్ని. ఆయన దూరం నుంచే తల అడ్డంగా ఊపేవాడు.

అదే వారం మేడ్చల్ స్టేషన్‌లో ఒక సిపాయి నీళ్ళ కోసం దిగాడు. తూర్పున ఒక వంతెన మీద బాంబులు పడ్డాయని, నెల కిందట జరిగిందని, పట్టాలు వేసేవాళ్ళు చాలామంది పోయారని చెప్పాడు. ఏ పల్టనో ఆయనకు తెలియదు. ఆ మాట రెండు రోజుల్లో గౌడవెల్లి చేరింది.

నాకు లేనిదాన్ని పంచిన వారాలు

రెండో వారం సమాధానం. ఇంటింటికీ పోయి మనశ్శాంతి గురించి చెప్పాలి, నాకేమో కంటిమీద కునుకు లేదు. ఒకింట్లో ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మాట మరిచిపోయాను. మార్త ఇంటికి పోవాలంటే కాళ్ళు రావు, పోకుండా ఉండలేను. పోతే అవ్వ ఒక కుండ చూపించింది. ఎక్కడో సంపాదించిన సన్నబియ్యం కొడుకు కోసం దాస్తోంది. తను జొన్నగట్క తింటోంది.

"పల్టన్ల ఏం దింటుండో బిడ్డా. వస్తే ఇంత బువ్వ వండిపెడ్త. వస్తడుగద? నువ్వే సదివినవ్ గద?"

"చదివిన అవ్వా" అన్నాను. రెండోసారి చెప్పిన అబద్ధం మొదటిదాని కంటే బరువు.

మార్త పలక మీద నేను నేర్పిన అక్షరాలు దిద్దుతూ కూర్చుంది. వానాకాలం నుంచి నేర్పుతున్నాను. వాక్యం చదవమంటే గడగడా అప్పజెప్పేది, వేలు మాత్రం వేరే వరుస మీద ఉండేది. కంఠతా వచ్చింది చెబుతోంది, చదువు వచ్చేదాకా ఇంకో ఏడాది పడుతుందని నేను లెక్కేసుకున్నాను.

మూడో వారం సంతోషం. ఇక నా వల్ల కాలేదు. సాయంత్రం వరండాలో మిస్సమ్మ ఎప్పటి ప్రశ్న అడగగానే నేల మీద కూలబడి ఏడ్చాను. అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, పనిలోంచి తీసేస్తుందనుకున్నాను.

"వారికి నిరీక్షణ ఇచ్చితినని నీవు తలంచితివి," అంది మిస్సమ్మ. "నీవు ఇచ్చినది తేదీ."

"మీరు నాతో రండమ్మా. మీరు చెబితే వాళ్ళు తట్టుకుంటారు."

"నేను రాను. నీ నోటితో చదివితివి, నీ నోటితోనే చెప్పుము."

నాకు ఆవిడ మీద ఒళ్ళు మండింది. తెల్లావిడకు అవ్వ గోడు ఏం తెలుస్తుంది అనుకున్నాను. అప్పుడావిడ నా పక్కన నేల మీదే మోకరించింది. ప్రార్థన అయ్యాక లేస్తూ, "నా తమ్ముడును యుద్ధములోనే ఉన్నాడు. వాని ఉత్తరము వచ్చి అయిదు మాసములైనది" అంది. ఇన్నాళ్ళూ రోజూ నేనేమి విన్నానో అడిగిన మనిషిని, మీ సంగతేమిటని నేను ఒక్కనాడూ అడగలేదు.

స్టేషన్ బల్ల మీద

నాలుగో ఆదివారానికి ముందురోజు గౌడవెల్లి పోయాను. ఇంటికి కాదు, నేరుగా స్టేషన్‌కు. మార్త బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

"మార్తా, నీకో మాట చెప్పాలె. గా నల్లసిరా కింద ఏమున్నదో నాకు కనవడలే. ఛుట్టీ ముచ్చట నేనే కల్పించి చెప్పిన."

ఆమె సిగ్నల్ వైపు చూస్తూనే ఉంది.

"ఎరుకే" అంది.

"ఎట్ల ఎరుక?"

"సదువుకున్న. మొదటి దీపం పెట్టినంక, గా సిపాయి ముచ్చట ఇన్ననాడు, పానం ఆగలే. ఉత్తరాలన్ని దీసి ముంగటేసుకున్న. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట సదివిన. మూడు దినాలు పట్టింది. యాదికొస్తున్నవన్న మాట ఒక్కదాంట్ల లేదు అక్కా. అన్నిట్ల మేకనే ఉంది."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"మరి ఇంకా రోజూ గీడికి ఎందుకొస్తున్నవే?"

"నేను రాకపోతే అత్తమ్మకు తెల్వదా? గా మాట మీదనే ఇంత తింటాంది. ఇంట్ల కూసుంటే పరేషాన్. గీడ కూసుంటే, ఆయన రాకున్నా బండన్న వస్తది."

"నా మీద కోపం లేదా?"

"ఉంది. మస్తుంది," అంది నా వైపు తిరిగి. "గా మేక నా పుట్టింటి మేక అక్కా. మా నాయిన నా ఎంబడి తోలిండు. ఆయన గంత దూరం నుంచి మేక ఈనిందా అని అడిగిండంటే నన్ను అడిగినట్టే. గది నీకు తెల్వక, మీద ఇంత చక్కెర పోసినవ్. ఆయన పంపింది ఆయన పంపినట్టు నాకు రానియ్యలే నువ్వు."

ప్రేమ గురించి మర్నాడు నేను చెప్పబోయే మాటలన్నీ రాసుకుని సంచిలో పెట్టుకున్నాను. ఆ కాగితం ఇక బయటికి తీయలేదు. బండి వచ్చింది, ఇద్దరు కూలీలు దిగారు, పోయింది. మేమిద్దరం లేచి ఇంటికి నడిచాం.

అవ్వకు నేనే చెప్పాను. ఆమె కుండ వైపు చూసింది.

"రాడని రాసి ఉందా?"

"లేదవ్వా."

"వస్తడని లేదు, రాడని లేదు. అయితే వాడు ఇప్పుడు దేవుని చేతిలున్నడు. నీ చేతిల లేడు" అంది నాతో. కోపంగానే అంది. మర్నాడు నాలుగో దీపం వంతు వేరేవాళ్ళది. అవ్వ ముందుకు వచ్చి, ఎవరినీ అడగకుండా, తనే వెలిగించింది. ఆముదం కొంచెం కింద ఒలికింది.

ఉన్నది ఉన్నట్టు

యాకోబు బతికి వచ్చాడా అని మీరు అడుగుతారు. వచ్చాడు, యుద్ధం అయిపోయాక, మలేరియాతో సగమై. నన్ను చూసి నవ్వి, "అక్కా, మేక ముచ్చట దాకా నా పెండ్లాంది, కండ్లల్ల వత్తులు నీయి అని నాకప్పుడే తెల్సింది. అది గట్ల మాట్లాడదు" అన్నాడు. నా అంత తెలివితక్కువది మరొకతె లేదని ఆ రోజు తేలిపోయింది.

కానీ నేను మీకు చెప్పాలనుకున్నది ఆయన వచ్చిన రోజు సంగతి కాదు. అదేమీ తెలియని రోజుది.

క్రిస్మస్ ముందురోజు ఉదయం టపా మనిషి దూరం నుంచే చెయ్యి ఎత్తాడు. యాకోబు ఉత్తరం. వెనకటి అలవాటు, చించి చదవమని వేళ్ళు లాగుతున్నాయి. మంచిదో చెడ్డదో ముందు నాకు తెలిస్తే, ఎట్లా చెప్పాలో దారిలో సర్దుకోవచ్చు. దాన్ని సంచి అడుగున, పలక కింద పెట్టాను. గౌడవెల్లి దాకా ఆ గంటన్నర నడక నా ముప్పై ఏళ్ళ పనిలో అన్నిటికంటే కష్టమైన పని. తెరవకుండానే మార్త చేతిలో పెట్టాను.

వాకిట్లో అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. పొయ్యి మీద సన్నబియ్యం ఉడుకుతోంది, వాడలో అందరికీ ఇంత పెడదామని. మార్త కాగితం విప్పింది. మొదట పైన తారీఖు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"బాంబుల ముచ్చటకు ముందటిది అక్కా," అంది మెల్లగా.

అంటే ఆ ఉత్తరం ఆయన బతికున్నాడని చెప్పడం లేదు. మా ఇద్దరికీ అర్థమైంది. మార్త ఆ మాట అత్తకు కూడా చెప్పింది, దాచలేదు. తర్వాత వేలు అక్షరాల కింద పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ పైకి చదివింది. వేలు ఈసారి సరైన వరుస మీదే ఉంది.

"మేము... క్షేమము. అమ్మ దగ్గు... ఎట్లున్నది. మేక పిల్లలు... పెద్దవైనవా."

అక్కడ ఆగింది. కింద ఒక వరుస నల్లగా ఉంది.

"గాడ ఏముందే?" అంది అవ్వ.

"నల్లగుంది అత్తమ్మా. ఏముందో నాకు తెల్వది."

అవ్వ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ముసలామె కొంచెం ముందుకు జరిగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"సరే తీయ్. కనవడేది మళ్ళ సదువు" అంది.